చేపలు పడని కయాక్

ఆదివారం పొద్దున్నే లిఫ్టు మెకానిక్ టేపు పట్టుకుని తన ఇంటి మెట్ల కింద ఖాళీని రెండుసార్లు కొలిచాడు. పదకొండు అడుగులు. ఒక్కరు తెడ్డేసుకుంటూ పోయే చిన్న పడవ, కయాక్, అంతకన్నా పొడుగుంటే పట్టదు, ఒకటి పెడితే రెండోదానికి చోటుండదు. పదిహేనేళ్లుగా రిజర్వాయర్ వంతెన మీద నిలబడి గాలం వేస్తున్నా ఆయన తెచ్చేవి పక్కింటి పిల్లి కూడా మూతి తిప్పుకునే చేపలే. పెద్దవన్నీ నడి నీళ్లలో ఉంటే వంతెన పట్టుకుని వేలాడి ఏం లాభమని తేల్చుకుని, భార్యను వెంటబెట్టుకుని కయాక్ కొనడానికి బయల్దేరాడు.

పడవల షాపు వెనక చిన్న కొలను ఉంది. ఏ పడవల షాపులోనైనా ఉండేదే. కొనేవాళ్లు అందులో కయాక్ ఎక్కి కదలకుండా కూర్చుంటారు. ముందు ముందు ఆ కయాక్ ఆ మనిషితో కలిసి ఒడ్డుకు చేర్చబోయేవన్నీ ఒకటొకటిగా తమ బరువు చూపిస్తాయి. చిన్న చేపైతే కయాక్ చిన్నగా దిగి లేస్తుంది, పెద్దదైతే గట్టిగా. షాపు పెద్దావిడ కుర్చీ వేసుకుని, టీ తాగుతూ లెక్కపెడుతుంది.

ముందు సన్నగా పొడుగ్గా ఉన్నది ఎక్కాడు. వేగంగా పోతుంది గానీ గాలం విసరబోతే పక్కకు ఒరిగిపోతోంది. పన్నెండుసార్లు దిగి ఊరుకుంది. కాళ్లతో తొక్కేదైతే చేతులకు ఖాళీ దొరుకుతుంది, కానీ దాన్ని ఎత్తి మెట్ల కింద పెట్టడం ఇద్దరివల్లా కాదు. ఆకుపచ్చది వెడల్పు. నిలబడినా తొణకలేదు. అది దిగడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. పెద్దావిడ రెండో టీ కూడా అయిపోయింది. నాలుగు వందలు దాటాక ఆవిడ లెక్క మానేసి, ఇంత చేపల చెయ్యి తను చూడలేదంది. మెకానిక్ మొహం చాటంతయింది.

బిల్లు రాస్తుండగా, మూలనున్న బూడిద రంగుది కూడా ఓసారి చూడమంది భార్య, ఊరికే. ఎక్కి కూర్చున్నాడు. చాలాసేపు చలనం లేదు. నవ్వుతూ దిగబోతుంటే వెనక భాగం ఒక్కసారిగా కిందికి వెళ్లింది, సన్నగా వణికి, అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ కప్పు కింద పెట్టింది. ఆ కయాక్ ఇంతవరకూ ఎవరికీ దిగలేదని, అంత బరువున్న చేప ఆ రిజర్వాయర్లోనే లేదని మెల్లగా చెప్పింది.

మెకానిక్ వెనక్కి తిరిగి ఆ దిగిన భాగాన్నే చూశాడు. ముప్పై ఏళ్లుగా లిఫ్టు కింద గుంతలో నిలబడి ఆయన చూస్తున్నదే అది. సామాను పెడితే లిఫ్టు ఒకలా దిగుతుంది, మనిషి అడుగు పెడితే ఇంకోలా.

"చేప కాదమ్మా," అన్నాడు. "మనిషి."

ఎవరో, ఎప్పుడో తనకూ తెలీదంది పెద్దావిడ. ఆయన ఆకుపచ్చదాని వంక చూశాడు. పదిహేనేళ్ల కోరిక, ఇంకా లాగుతూనే ఉంది.

"చేపలు బజార్లో కొనుక్కుందాం లెండి," అంది భార్య.

ఆ తర్వాత నాలుగేళ్లు, సెలవు దొరికిన ప్రతిరోజూ బూడిద రంగు కయాక్‌లోనే వెళ్లాడు. ఒక్క చేపా పడలేదు. ఎర కట్టడం మర్చిపోతున్నావా అని వంతెన మీదివాళ్లు ఏడిపించారు. ఆయన గాలం వేసేవాడే గానీ కళ్లు నీళ్ల మీదే తిరిగేవి. ఒడ్డున ఆడుకునే పిల్లలను చూసినా, ఈత కొట్టేవాళ్లను చూసినా వీళ్లలో ఎవరోనని కయాక్‌ను అటు తిప్పేవాడు. ఎవరిదో ప్రాణం తన వెనకే ఎక్కి కూర్చుని ఉందని తోచి, తెడ్డు ఆపి చేతులు జోడించాలనిపించేది. బద్ధకించిన రోజున భార్యే తట్టి లేపేది.

ఒక ఈదురుగాలి రోజున నీళ్ల మీద ఇంకెవరూ లేరు. ఆనకట్ట మలుపు తిరగ్గానే బోర్లాపడిన పడవను పట్టుకుని వేలాడుతున్న ఓ అమ్మాయి కనిపించింది. ఆమె పెదాలు నీలం తిరిగాయి. కయాక్‌ను దగ్గరికి చేర్చి, వెనకనుంచి ఎక్కమన్నాడు. ఆమె పొట్ట మీద పాకుతూ ఎక్కింది. ఆ దిగడం, ఆ వణుకు ఆయనకు తెలిసినవే. వెనక్కి తిరక్కుండానే ఏడ్చేశాడు.

అంబులెన్సు ఆమెను తీసుకెళ్లాక తడి చేతులతో భార్యకు ఫోన్ చేశాడు. వెనక భాగం దిగిందని మాత్రం చెప్పాడు.

"ఎవరండీ?" అంది ఆమె.

"ఎవరో. పేరడగడం మర్చిపోయాను."

ఆమె నవ్విందో ఏడ్చిందో ఆయనకు తెలీలేదు. తడి బట్టలతో గాలిలో నిలబడకుండా ఇంటికి వచ్చెయ్యమంది.