ఓనరు సీటు

కుట్టుపెట్టెలోంచి టేపు తీసి ఆమె భర్తకు కొలతలు తీస్తోంది. చొక్కా కోసమైతే మెడ దగ్గర మొదలుపెట్టేది. ఇది కొనబోయే మోటారు సైకిలు వెనక సీటు కోసం కాబట్టి నడుము దగ్గర మొదలుపెట్టింది. ఆయన హాలు మధ్యలో చేతులు రెండూ పక్కలకు చాపి, దర్జీ ముందు నిలబడ్డ పెళ్ళికొడుకులా బుద్ధిగా నిలబడ్డాడు.

"కూర్చోబెట్టి కొలువమ్మాయ్," అంది సోఫాలోంచి అత్తగారు. "నుంచున్న మనిషి వేరు, కూర్చున్న మనిషి వేరు."

కుర్చీలో కూర్చోబెట్టి కొలిచింది. నిజమే, ఆయన రెండంగుళాలు పెరిగాడు.

"చలికోటు వేసుకుంటాడుగా. ఇంకో రెండు వేళ్ళు కలుపు."

కలిపింది. పదహారంగుళాలని కాగితం మీద రాసింది. ఆ కాగితం మీద అప్పటికే మూడు వరసలున్నాయి. వీపు ఆన్చుకోవడానికి దిండు ఉండాలి. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలుండాలి. కాళ్ళు పెట్టుకునే చోటు కిందికి ఉండాలి, మోకాళ్ళు ముడుచుకోకూడదు. అన్నీ ఆమె గుండ్రటి చేతిరాతలోనే, అన్నీ వెనక కూర్చునే మనిషి కోసమే. ముందు కూర్చుని ఆ బండి నడపబోయేది ఆమె. తన గురించి ఏం రాయాలో ఆమెకు తోచలేదు. "ముందు కూర్చునేవాళ్ళకేముంది, పట్టుకోవడానికి హ్యాండిలుంటుంది," అనేసింది అత్తగారు ఆ మాట వచ్చినప్పుడు.

ఆరు నెలల కిందట ఆయన కుడికంట్లో రెటీనా ఊడింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కాగితం చదవగలరు, మనుషుల్ని గుర్తుపట్టగలరు, ఎదురుగా వస్తున్న బండి ఎంత దూరంలో ఉందో మాత్రం అంచనా అందదు, ఇక బండి నడపకండి అని కంటి డాక్టరు తేల్చేశాడు. ఆయన పనిచేసే కాగితాల గోడౌను ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. ఆ దారిన బస్సు లేదు. ఆమెకు లైసెన్సుంది. కాలేజీ రోజుల్లో నాన్న బండి మీదే వెళ్ళొచ్చేది. పెళ్ళయ్యాక ఆ లైసెన్సు దేనికీ పనికిరాకపోయినా గడువు తీరినప్పుడల్లా వెళ్ళి కొత్తది చేయించుకునేది. ఎందుకే అని ఆయనడిగితే "పడి ఉంటుందిలెండి" అనేది. ఇప్పుడు మూడు నెలలుగా పక్కింటివాళ్ళ పాత బండి అడిగి తీసుకుని పొద్దున ఆయన్ని దింపి వస్తోంది, సాయంత్రం వెళ్ళి తెస్తోంది. వంటా, బట్టలూ, అత్తగారి మోకాలికి చేయించాల్సిన వ్యాయామాలూ మధ్యలో ఎక్కడివక్కడే ఉన్నాయి. "మా డ్రైవరు" అని ఆయన గోడౌనులో పరిచయం చేస్తే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక, ఎందుకు నవ్విందో తెలియక దారంతా అదే ఆలోచించింది.

కొత్త బండి రోజూ తిరగడానికి అనువుగా ఉండాలి, ఏటా ఆయన స్నేహితుల బృందం సముద్రం దాకా వెళ్ళొచ్చే ఎనిమిది రోజుల టూరుకూ పనికిరావాలి. ఈసారికి టూరు మానేద్దామా అంటే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క టూరూ తప్పలేదు. ఆ పంతొమ్మిదింటిలోనూ ఆమె వెనక కూర్చుంది. ఆయన కొన్న బండ్లన్నీ ముందు కూర్చునేవాడి ఒళ్ళు చూసి చేసినవి. వెనక సీటు కత్తిపీటంత ఉండేది, అంత మెత్తగానూ ఉండేది. ఊరు దాటగానే నడుము కింది ఎముక తన పాట మొదలుపెట్టేది. ఎదర ఆయన వీపు తప్ప ఏమీ కనపడదు కాబట్టి, స్పీడ్ బ్రేకరు సంగతి ఆమె నడుముకు ముందు తెలిసి తర్వాత కంటికి తెలిసేది. ఒకసారి చెప్పి చూసింది. "నాలుగొందల కిలోమీటర్లు తోలేది నేను. నీది కూర్చోవడమేగా," అన్నాడాయన. ఆ మాటలో తప్పేముందో ఆమెకు దొరకలేదు. తోలేది ఆయనే, కూర్చునేది తనే. టూరు నుంచి వచ్చాక వారం పాటు తువ్వాలు చుట్టగా చుట్టి, దాని మీద కూర్చుని కూరగాయలు తరిగేది.

బృందానికి పెద్దతలకాయని అందరూ కెప్టెనంటారు. బండి ఎంపికకు సలహా ఇద్దామని ఆదివారం పొద్దున్నే దిగాడు.

"బావా, నీకు ప్రమోషనొచ్చింది," అన్నాడు వస్తూనే ఆయన భుజం తట్టి. "వెనక సీటంటే ఏమనుకున్నావు, ఓనరు సీటు. చెల్లెమ్మ తోలుతుంది, నువ్వు రాజాలా కూర్చో."

"రాజుకి సింహాసనం ఉండాలిగా," అన్నాడాయన. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూసి అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆమె టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఏటా టూరు బయలుదేరేటప్పుడు ఈ కెప్టెనే బండి మీద నిలబడి వెనక్కి తిరిగి అరిచేవాడు, "లగేజీలన్నీ ఎక్కాయా?" అని. లగేజీలంటే పెళ్ళాలు. అందరూ గొల్లున నవ్వేవాళ్ళు. సీటు అదే. అదే చోటు, అదే ఎత్తు, ఎదురుగా ముందు మనిషి వీపే. ఆమె కూర్చుంటే లగేజీదైన సీటు ఆయన కూర్చోగానే ఓనరుదెలా అయింది? తను ముందుకొచ్చింది కదా, మరి సుఖం తనతో పాటు ముందుకెందుకు రాలేదు? గదిలో ఫ్యాను ఎటు తిప్పినా ఆయన మీదికే గాలి వచ్చినట్టు, ఈ సుఖానికి ఆయన ఎక్కడున్నాడో ఎవరు చెబుతున్నారు?

"టీ చల్లారిపోతోందమ్మాయ్," అంది అత్తగారు.

ఆ సాయంత్రం మోకాలికి నూనె రాస్తుంటే అత్తగారు గొంతు తగ్గించి అంది. "బండి తోలడం తప్ప వాడికింకో సరదా లేదు. నీ వెనకాల కూర్చుని ఊళ్ళో తిరగడం వాడికెంత కష్టమో నాకు తెలుసు. కనీసం సుఖంగానైనా కూర్చోనియ్యి తల్లీ."

ఆ మాట కాదనడానికి లేదు. అదే ఆమెకు వచ్చిన చిక్కు. ఆయన చెడ్డవాడైతే తేలికయ్యేది. కన్ను పోయిన రోజు చిన్నపిల్లాడిలా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాంటి మనిషికి మెత్తటి సీటొకటి వద్దనడానికి తనకు నోరెలా వస్తుంది? పంతొమ్మిదేళ్ళ నడుంనొప్పికి ఇప్పుడు బదులు తీర్చుకుందామనుకుంటోందా? కాదనుకుంది. కాదని తేల్చుకోలేకపోయింది. "మీది కూర్చోవడమేగా" అన్న మాట రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, రెండుసార్లూ మింగింది. మింగినందుకు తన మీద తనకు గౌరవం కలిగిందో కోపం వచ్చిందో, అదీ తెలియలేదు.

షోరూములో కెప్టెన్ ముందే చెప్పి ఉంచిన పెద్ద బండి అద్దాల పక్కన మెరుస్తూ నిలబడి ఉంది. వెనక సీటు వెడల్పుగా, వీపు దిండుతో, చేతులకు కడ్డీలతో, కాగితం మీద ఆమె రాసిన నాలుగు వరసలూ చదివి చేసినట్టే ఉంది. జుట్టు నెరిసిన సేల్సాయన కాగితం చూసి ముచ్చటపడ్డాడు.

"ఇంత వివరంగా ఎవరూ రాసుకురారు సార్. నడిపేది మీరేనా?"

"నేను," అందామె.

సేల్సాయన ఒక్క క్షణం ఆమె చెప్పుల వైపు చూశాడు. "మేడమ్ ఎత్తెంతండీ? కాలు పొడవు తెలుసా?"

తెలియదు. భర్త చొక్కా కొలత, అత్తగారి మోకాలి పట్టీ కొలత నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తన కాలు ఎంత పొడవో ఎప్పుడూ అవసరం పడలేదు.

"ఎక్కి చూస్తే తెలుస్తుందిలే," అన్నాడు భర్త.

ఎక్కింది. రెండు పక్కలా కాలివేళ్ళు మాత్రమే నేలకానాయి. బండి బరువు రెండు వందల ముప్పై కిలోలట. వెనక ఆయనెక్కాడు. "ఆహా," అన్నాడు. సేల్సాయన ఆయనకేసి చూసి, "మేడమ్‌కి అలవాటైపోతుంది సార్," అన్నాడు.

నడిపి చూడ్డానికి బయటికి తీస్తే, రోడ్డు మీద పరుగెత్తుతున్నంతసేపూ బండి ఏనుగు నడిచినట్టు హుందాగా వెళ్ళింది. ఇదీ బాగానే ఉందే అనుకుంది, అలా అనుకున్నందుకు మరింత తికమకపడింది. వెనక నుంచి ఆయన చెబుతూనే ఉన్నాడు. గేరు మార్చు. అంత పక్కకెందుకు. ఆ లారీ వెళ్ళనీ. ఏటవాలు దగ్గర సిగ్నలు పడింది. ఆపి ఎడమకాలు దించింది. కాలివేళ్ళ కింద ఇసక. కాలు జారింది, బండి ఎడమకు ఒరిగింది, ఆమె తొడా, నడుమూ, రెండు చేతులూ కలిపి ఆ బరువంతటినీ ఆపాయి. ఆయన గభాల్న కిందికి దిగిపోయాడు. బరువు తగ్గగానే ఆమె పళ్ళు బిగించి బండిని నిలబెట్టింది.

"చూశావా, నేను దిగబట్టి సరిపోయింది," అన్నాడాయన మళ్ళీ ఎక్కుతూ.

షోరూముకు తిరిగొచ్చారు. ఎలా ఉందని సేల్సాయన అడిగాడు. "సోఫాలో కూర్చున్నట్టుంది," అని భర్త జవాబు చెప్పాడు.

పెద్ద బండి వెనక, గోడవారగా ఇంకొకటి ఉంది. హంగూ ఆర్భాటం లేని సాదా బండి, నిటారుగా కూర్చునే హ్యాండిలు, కిందికి దిగిన సీటు. "దూరాలకు కూడా బాగా పోతుంది మేడమ్. బరువు తక్కువ. ఎత్తు తక్కువవాళ్ళు బాగా తీసుకుంటున్నారు," అన్నాడు సేల్సాయన, ఈసారి ఆమె వైపు చూసి. భర్త దాని వెనక సీటు మీద జానతో కొలిచాడు. "ఇది సీటా, స్టూలా? నేనెక్కను. నువ్వు కావాలంటే తిరిగిరా, నేనిక్కడ టీ తాగుతుంటా."

అలా ఆమె ఒక్కతే వెళ్ళింది. షోరూము వెనక సందులో కలప అడితీ దాటింది, బడి గోడ వెంట వెళ్ళింది. స్పీడ్ బ్రేకరు దూరం నుంచే కనిపించింది. అలవాటుకొద్దీ నడుము బిగపట్టింది. బండి మెల్లగా ఎక్కి దిగింది. ఏమీ కాలేదు. సందు చివర ఆపింది. రెండు పాదాలూ మడమలతో సహా నేలమీద నిలిచాయి. ఇల్లు తాళం వేసి బయలుదేరాక గ్యాసు కట్టానా, కుళాయి కట్టానా అని చూసుకున్నట్టు ఒళ్ళంతా వెతుక్కుంది. మెడ, మణికట్లు, మోకాళ్ళు, నడుము కింది ఎముక. ఎక్కడా నొప్పి లేదు. ఏదో మరిచిపోయినట్టే అనిపించింది. ఇంజను ఆపకుండా అక్కడే నిలబడిపోయింది. బడిగోడ మీద కాకి అటూ ఇటూ నడుస్తోంది. ఇదేనా? బండి హాయిగా ఉండాలి, హాయిగా ఉండాలి అని ఇంట్లో పదిహేను రోజులుగా అందరూ అనుకుంటున్నది ఇదేనా? ఇంత చప్పుడు లేనిదా? తన ఒంటికి ఏది నప్పుతుందో నలభై రెండేళ్ళ వయసులో ఒక సందు చివర తెలియడం ఆనందమో అవమానమో ఆమెకు అర్థం కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఎందుకో కూడా అర్థం కాలేదు.

తిరిగొచ్చేసరికి సేల్సాయన కాగితాలు పరిచి పెన్ను మూత తీశాడు. భర్త టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏది రాయమంటారు సార్?"

"పెద్దదే."

"చిన్నది రాయండి," అందామె.

సేల్సాయన పెన్ను గాలిలో ఆగింది. భర్త మొదట నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. "సిగ్నల్ దగ్గర భయపడ్డావు, అంతేగా? నాలుగు రోజులు తోలితే అదే వస్తుంది."

"ఏమోనండీ. రావచ్చు. నాకు కాళ్ళానాలి."

"అమ్మకేం చెబుదాం? కెప్టెన్‌కేం చెబుదాం?"

"నాకు కాళ్ళానలేదని చెబుదాం."

"మరి నేనో? దాని మీద నేనెలా కూర్చోవాలి?"

ఆ ప్రశ్న వినగానే ఆమె బుర్ర మామూలుగానే పనిలో దిగింది. సీటు మీదికి మెత్త కుట్టవచ్చు. వెనక చిన్న దిండు బిగించే చోటుంటుంది. టూరులో గంటకొకసారి ఆగవచ్చు. మూడు ఉపాయాలు ఊపిరి తిప్పుకునేలోగా వచ్చేశాయి. ఒకటి చెప్పినా కుట్టేది తనే, బిగించేది తనే, గంట చూసుకునేది తనే. ఇది న్యాయమో కక్షో ఆమెకింకా తేలలేదు. తేలేదాకా ఆగితే మాత్రం పెద్ద బండి వస్తుందని తెలిసింది. పెన్ను అందుకుని, చిన్న బండి కాగితంలో నడిపేవారు అని ఉన్న చోట సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇచ్చేసి, గోడవారనున్న బండి దగ్గరికి నడిచి వెనక సీటు మీద చెయ్యి వేసింది.

"కూర్చుని చూడండి," అంది భర్తతో. "ఎక్కడ నొప్పెడుతుందో చెప్పండి. నేను వింటాను."