తెలుపు ఆరేసిన రోజు

మూడో పావడాను జాడించి పైకెత్తేసరికి మోచేతుల మీంచి నీళ్లు ధారకట్టి, ఒదీలియా నడుముకు చుట్టుకున్న గోనెపట్టాను తడిపేశాయి. తొట్టి అంచుకు పొట్ట ఆనించి, బట్టను రెండు మడతలు వేసి, తాడు పేనినట్టు మెలితిప్పింది. ఎనిమిది గజాల కుచ్చిళ్లు, అంచు చుట్టూ చేత్తో అల్లిన లేసు. పిండేటప్పుడు లేసును బొటనవేలి కింద దాచుకోవాలి. లేకపోతే పోగు తెగుతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. నలభై నాలుగేళ్లుగా వేళ్లే నేర్చుకున్నాయి.

అరవై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, బరువుగా, వాచిన మోకాళ్ల మీద కాస్త పక్కకు ఒరిగి నడిచేది. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడినా అరచేతులు మాత్రం సబ్బునీళ్లకు పాలిపోయి ముడతలు పడి, ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు ఉండేవి. పందొమ్మిదో ఏట బహియా నుంచి బస్సెక్కి రియో శివారులోని ఈ వీలా జెనిపాపు గుట్ట మీదికి వచ్చింది. పెద్దిళ్లలో బట్టలుతికింది. తాపీమేస్త్రీ అర్లిందోను చేసుకుంది, పదేళ్ల కిందట పాతిపెట్టింది. ఒక్కగానొక్క కూతురు మర్లూసియా పెళ్లయి దూరం వెళ్లి చర్చిలో చేరింది. నెలకోసారి ఫోను చేసి, "అమ్మా, ఆ పూసలు ఇంకా మెళ్లోనే ఉన్నాయా?" అని అడిగేది. "మెళ్లో లేవే, జేబులో ఉన్నాయి," అనేది ఒదీలియా. అది నిజమే. మెళ్లో వేసుకునే రోజులు పోయి ఎనిమిది నెలలైంది.

ఎనిమిది నెలల కిందట తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లు లిండౌరా అమ్మ నడిపే ఒరిషాల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన దేవుళ్ల, పూజల ఇంట్లోకి వచ్చారు. గుట్ట మీద మత్తుసరుకు అమ్మేదీ వాళ్లే, చేతుల మీద యేసు పేరు పచ్చ పొడిపించుకున్నదీ వాళ్లే. దేవుళ్ల కుండలను లిండౌరా అమ్మ చేతనే ఒక్కొక్కటీ నేలకు కొట్టించారు. డప్పులు చీల్చారు. మెళ్లో పూసలు కనపడకూడదు, దండేల మీద తెల్లబట్ట కనపడకూడదు అన్నారు. తెలుపు ఒషలా దేవుడి రంగని వాళ్లకూ తెలుసు. వాళ్లలో సగంమంది అమ్మమ్మలు శుక్రవారం తెలుపే కట్టేవాళ్లు.

లిండౌరా అమ్మ రైలుకట్ట అవతల తమ్ముడి షెడ్డులోకి మారిపోయింది. గుట్ట మీద ఒదీలియా మిగిలింది. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకునేంత మనిషి కాదు. ఆ ఇంట్లో అందరి ఒంటి మీదికీ దేవుళ్లు వచ్చి ఆడారు గానీ, ఆమె మీదికి ఒక్కసారీ ఏ దేవుడూ రాలేదు. గోడ వారగా నిలబడి చూసేది, తెల్లారి మాసిన బట్టలు మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. ఒకప్పుడు ఈ మాట అని బాధపడితే లిండౌరా అమ్మ నవ్వి, "దేవుడు కట్టుకునే బట్ట నీ చేతుల మీంచే వస్తోంది, ఇంకేం కావాలే నీకు?" అంది. ఆ మాటతోనే ఒదీలియా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

రేపు తెల్లవారుజామున లిండౌరా అమ్మ షెడ్డులో ఒషలాకు నీళ్లు మోసే పండగ. నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఇంట్లో మంచం మీద, కుర్చీల మీద పరిచిన పావడాలు ముక్కిపోయిన వాసన కొట్టాయి. ఆ వాసనతో దేవుడి దగ్గరికి పంపడానికి మనసొప్పక మళ్లీ ఉతికింది. ఈ ఉదయం ఎండ కాసింది. కానీ ఎండ బయట ఉంది.

"ఇంకా పిండుతూనే ఉన్నావా? ఎండ నీకోసం ఆగుతుందా?" గోడ అవతలి నుంచి నెయ్‌డీ కేకేసింది.

నెయ్‌డీది పక్కిల్లు. చర్చిలో పెద్ద పరిచారిక. రెండు పెరళ్లకూ తొట్టి ఒకటే. నెయ్‌డీ మణికట్టు విరిగినప్పటి నుంచి చర్చి బాప్తిస్మపు అంగీలు కూడా ఒదీలియాయే ఉతుకుతోంది. అవీ తెల్లనివే. వాటి జోలికి ఎవడూ రాడు. ఆదివారం బాప్తిస్మాలు. నెయ్‌డీ పెరట్లో మూడు దండేల నిండా ఇరవై రెండు అంగీలు గాలికి ఊగుతున్నాయి.

"ఇలా పడెయ్, మధ్య దండెం మీద వేస్తా. ఇన్నిట్లో నీ మూడూ ఎవడు లెక్కపెడతాడు?"

"మీ దేవుడు లెక్కపెడతాడు."

"మా దేవుడితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు ముందు గట్టిగా పిండు, నీళ్లు కారుతున్నాయి."

ఒదీలియా గోడ మీంచి తడి మూట అందించింది, పెరటి దారిన తనూ వెళ్లింది. ఇద్దరూ అంగీలను జరిపి, మధ్యలో పావడాలు ఆరేశారు. లేసు అంచులు కిందికి వేలాడకుండా ఒదీలియా లోపలికి మడిచి క్లిప్పులు పెట్టింది. గంటన్నర ఎండ చాలు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. నెయ్‌డీ కాఫీ పోసిచ్చింది.

మోటారుసైకిలు చప్పుడు సందు మలుపులో వినిపించింది. దాటిపోతుందనుకున్నారు. గేటు ముందు ఆగింది.

దిగినవాడు రోజాంజెలా కొడుకు వెలింటన్. ఇరవై రెండేళ్లుంటాయి. భుజాన తుపాకీ, నడుముకు వాకీటాకీ. చిన్నప్పుడు వాడికి ఉబ్బసం. ఊపిరాడక నీలంగా మారితే తల్లి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేది ఒదీలియా దగ్గరికే. సదాపాకుతో దిష్టి తీసి, ఒళ్లో వేసుకుని తెల్లార్లూ వీపు రాసేది. వెనక కూర్చున్నవాడు కొత్తవాడు, ఎవరి బిడ్డో తెలియదు. బండి దిగకుండా చూస్తున్నాడు.

"దేవుడి శాంతి, అక్కా," అన్నాడు వెలింటన్ నెయ్‌డీతో.

"శాంతి, నాయనా. ఆదివారం వస్తున్నావా? మీ అమ్మ అడిగింది."

దండేల మధ్యకు నడిచాడు. తుపాకీ గొట్టంతో ఒక్కొక్క అంగీనే పక్కకు తోస్తూ వెళ్లాడు. మధ్య దండెం దగ్గర గాలి విసిరింది. ఒక క్లిప్పు ఊడి లేసు అంచు జారి కిందికి వేలాడింది.

"ఏంటక్కా, బాప్తిస్మానికి ఇప్పుడు లేసులు కూడా పెడుతున్నారా?"

బండి మీదివాడు పళ్లికిలించాడు. "అడుగు, అడుగు. ఆ ముసలిదెవరో కూడా అడుగు."

వెలింటన్ కిటికీ అంచున ఉన్న బైబిలు తీసుకుని నెయ్‌డీ ముందు పట్టుకున్నాడు. "దీని మీద చెయ్యి పెట్టి చెప్పక్కా. ఇవన్నీ చర్చివేనా? చర్చివేనని చెప్పు, వెళ్లిపోతా."

వాడి గొంతులో ఏదో బతిమాలినట్టుంది. ఒదీలియాకు అది వినిపించింది. నెయ్‌డీ చెయ్యి పైకి లేవడం కూడా కనిపించింది. కట్టు కట్టిన ఆ మణికట్టు మెల్లగా నల్ల అట్ట మీదికి వెళుతోంది. ఇరవై ఏడేళ్లుగా పక్కపక్కనే బతికారు. కూరగాయలవాడి దగ్గర కూడా అబద్ధమాడి ఎరగదు నెయ్‌డీ.

"ఆ మూడూ నావి," అంది ఒదీలియా.

లేచి నిలబడింది. కాఫీ కప్పును జాగ్రత్తగా పీట మీద పెట్టింది.

"నావేరా. చర్చివి కావు. నేనే ఆరేశాను. ఆవిడకు తెలీదు."

"పెద్దమ్మా, నోరు ముయ్యి," అన్నాడు వెలింటన్ పళ్ల మధ్య నుంచి.

"మంత్రగత్తె ఒప్పేసుకుందిరోయ్!" బండి మీదివాడు వాకీటాకీ తీశాడు. ఇక సంగతి వెలింటన్ చెయ్యి దాటిపోయింది. పావడాలు మూడూ ఒక్కసారిగా దండెం మీంచి లాగి, గేటు బయట ఎర్రబురదలో పడేశాడు. బండెక్కి వాటి మీంచి పోనిచ్చి, వెనక్కి తిప్పి మళ్లీ పోనిచ్చాడు. అప్పుడు ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"ఆరు గంటల్లోపు గుట్ట దిగిపో. ఒక్క సంచి పట్టుకో, చాలు. ఆరు దాటితే వచ్చేది నేను కాదు."

బండి వెళ్లిపోయింది. సందులో ఒక్క కిటికీ తెరుచుకోలేదు.

ఒదీలియా వంగి పావడాలు ఏరుకుంది. తొట్టి దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తీసి గోడ పగులులో పెట్టి, కుళాయి తిప్పింది.

"పిచ్చా నీకు?" నెయ్‌డీ వెనకాలే వచ్చింది. "పెట్టె సర్దుకో. పన్నెండవుతోంది. ఇప్పుడు ఉతుకుతావా?"

"మురికిబట్ట మోసుకుని ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు నేను."

మొదటి నీళ్లు ఎర్రగా పోయాయి. రెండోసారీ ఎర్రగానే. నెయ్‌డీ కాసేపు నిలబడి చూసి, కట్టు విప్పేసి, ఎడమచేత్తో రెండో కొస పట్టుకుంది.

"నేను చెప్పేసేదాన్నే," అంది. "చెయ్యి పెట్టేదాన్నే. ఎందుకు నోరు తెరిచావు?"

"ఆ పుస్తకం మీద అబద్ధం చెప్పాక నువ్వు నిద్రపోతావా? నీ సంగతి నాకు తెలీదూ? గోడకి అవతల నీ ఏడుపు వింటూ నేనెలా పడుకోను?"

"ఇప్పుడు మాత్రం ఏడవనా?"

"ఏడువు. అది వేరే ఏడుపు."

నెయ్‌డీ నవ్వబోయింది. అది నవ్వు కాకుండానే ఆగిపోయింది. తర్వాత ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు: పట్టుకో, తిప్పు, వదులు. నాలుగో నీళ్లు తేటగా వచ్చాయి. ఒదీలియా నీలిమందు చుక్కలు వేసి, ముంచి, పిండింది. ఆరేసే వీలు లేదు. తడిబట్టనే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పచ్చ దుప్పట్లో మూట కట్టింది. సంచిలో అర్లిందో ఫోటో, మాత్రలు, రెండు గౌన్లు, కాగితాలు. తలుపుకు తాళం వేసి తాళంచెవి నెయ్‌డీ చేతిలో పెట్టింది. ఇంటి వైపు తిరిగి చూడటానికి ఏముంది? అర్లిందో ఇటుక ఇటుక పేర్చి కట్టాడు. అవి ఎక్కడికీ పోవు.

నాలుగున్నర వ్యానుకు ఇద్దరూ కిందికి నడిచారు. మలుపు దగ్గర అడ్డంగా పెట్టిన డ్రమ్ముల పక్కన వెలింటన్ కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూసి ఫోనులోకి తల దించుకున్నాడు. ఒదీలియా ఆగింది. నెయ్‌డీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ ముసురు పట్టేలా ఉంది," అంది ఒదీలియా వాడితో. "ఛాతీకి గుడ్డ కప్పుకో."

వ్యాను వచ్చింది. మోకాలు సహకరించక మెట్టు మీద ఒక్క క్షణం తడబడింది, లోపలినుంచి ఎవరో చెయ్యందించారు. మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్లాస్టిక్ దాటి దుప్పట్లోంచి ఊరిన తడి తొడల మీద చల్లగా పాకింది. కిటికీ వైపు చెయ్యి ఊపాలని నెయ్‌డీకి తట్టేలోగా వ్యాను మలుపు తిరిగిపోయింది.

శనివారం మధ్యాహ్నం నెయ్‌డీకి ఒదీలియా ఫోను చేసింది. షెడ్డులో ఇస్త్రీపెట్టెతోనే ఆరబెట్టిందట. పావడాలు మూడూ పండక్కి కట్టారట. ఒకదాని మీద టైరు మచ్చ మాత్రం పోలేదట, ఆ పక్కను వెనక్కి తిప్పి కట్టుకున్నారట. మళ్లీ ఎప్పుడొస్తావని ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు.

సోమవారం బాప్తిస్మపు అంగీలు నానబెట్టడానికి నెయ్‌డీ ఒక్కతే తొట్టి దగ్గరికి వెళ్లింది. సబ్బుగూటి వెనక, గోడ పగులులో, ఒక కాడకు తెల్లదారం చుట్టిన ఒదీలియా కళ్లద్దాలు మడిచి పెట్టి ఉన్నాయి. అద్దం మీద నురగ చుక్క ఒకటి ఎండి ఉంది.