గుమ్మం నుంచి పరిచిన నేల

కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద సందులో పాతగుడ్డలు కుక్కి, ఆ స్నానాలగదిలో ఒక మనిషిని పెట్టి టైల్స్ కోయిస్తున్నారు. బయట సిమెంటు మాలు కలుపుతున్నది వదిన, కూలీలందరికీ ఆమె వదినే. ఆమె చెవులు మాత్రం లోపలే ఉన్నాయి. మిషను మోత ఆగింది. దగ్గు మొదలైంది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

వదిన పార పడేసి తలుపు తోసింది. తెల్లటి ధూళి గుప్పున మొహాన కొట్టింది. ఆమె మొగుడు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. రెప్పల మీద ధూళి, మీసం మీద ధూళి, పిండిమరలోంచి లేచొచ్చినవాడిలా ఉన్నాడు. నోటికి అడ్డం పెట్టుకున్న తువాలు మీద ఎర్రటి మరక కనపడింది.

"ఏం కాలేదే. గొంతు ఎండింది, అంతే," అన్నాడు.

"ఆ తలుపు వెయ్యండి ముందు!" హాల్లోంచి ఇంటి అమ్మగారి కేక. "అల్మారాలన్నీ కొత్తవి. దుమ్ము పడితే ఎవరు తుడుస్తారు?"

మనిషి నెత్తురు దగ్గుతుంటే ఆవిడ బెంగ అల్మారా మీద! వదినకు ఒళ్లు మండిపోయింది.

టైలు తడిలో కోయాలి. బ్లేడు మీద సన్నగా నీళ్లు పడుతుంటే ధూళి బురదై కిందికి జారిపోతుంది, మనిషి గుండెల్లోకి వెళ్లదు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, మేడలో అన్ని అంతస్తుల పనీ పట్టిన కంట్రాక్టరుకూ తెలుసు. కానీ ఇల్లు తయారైపోయినట్టు చూపించాలన్న ఆత్రంలో ఆయన నేల పరవకముందే అల్మారాలు బిగించాడు. బురద చిందితే చెక్క పాడవుతుంది కాబట్టి నీళ్లు బంద్. ధూళి హాల్లోకి వస్తే అమ్మగారు ఊరుకోరు, పక్క మేడ మీద పడితే వాళ్లు ఊరుకోరు కాబట్టి గాలి కూడా బంద్. తడిగుడ్డతో గొంతులు కోసే మనిషి, టైలు కోయడానికి మాత్రం చుక్క తడి ఇవ్వడు.

ఆ హాలు టైల్స్ ఎంచుకోవడానికి అమ్మగారికి నెల పట్టింది. నమూనాలన్నీ గోడకు ఆనించి ఎండలో చూసింది, దీపం వెలుగులో చూసింది, చెల్లెల్ని పిలిపించి చూపించింది. ఒకటి మీగడ రంగట, ఒకటి దంతం రంగట, ఒకటి ముత్యం రంగట. వదిన కళ్లకు మూడూ తెల్లగానే ఉన్నాయి. చివరికి ముత్యం ఖాయమైంది. ఆ సరుకు అయిపోవచ్చింది, మళ్లీ వచ్చేదాంట్లో ఛాయ తేడా వస్తుంది అని కొట్టువాడు అనేసరికి ఉన్న పెట్టెలన్నీ తెప్పించి పెట్టుకుంది. "ఒక్కటి పగిలినా ఇలాంటిది మళ్లీ దొరకదు, జాగ్రత్త!" అని అందరినీ హెచ్చరించింది. పెట్టెల మీద దుప్పటి కూడా కప్పించింది.

వదిన వెళ్లి అమ్మగారిని అడిగింది. "నాకేం తెలుసమ్మా, కంట్రాక్టరుతో మాట్లాడుకోండి." కంట్రాక్టరును అడిగింది. "ఇల్లు నాదా? ఆవిడ వద్దంటే నేనేం చెయ్యను?" మళ్లీ అమ్మగారు, మళ్లీ కంట్రాక్టరు. విసిగిపోయి కిటికీ టేపు తనే పీకేసింది. అన్నాలు తిని వచ్చేసరికి కిటికీకి కొత్త టేపు ఉంది.

సాయంత్రం కంట్రాక్టరు తీర్పు చెప్పాడు. "దగ్గేవాణ్ణి ఇంటికి పంపించండి. రేపటినుంచి మిషను నువ్వు పట్టు," అని పాలిషు పట్టే, అందరూ తమ్ముడూ అని పిలిచే కుర్రాడి వైపు వేలు చూపించి వెళ్లిపోయాడు.

ముఠా అంతా మెట్ల మీద కూలబడింది. టీ చల్లారిపోతోంది.

"పని ఆపేద్దాం," అన్నారొకరు.

"ఆపితే? రేపే ఇంకో ముఠాను దింపుతాడు. గేటు బయట మనం అరుస్తుంటే లోపల వాళ్లు కోస్తుంటారు."

"పోనీ, మొహానికి గుడ్డ ఇంకాస్త గట్టిగా కట్టుకుంటే..."

"గుడ్డ!" వదిన గయ్యిమంది. "ఆ గుడ్డేగా ఇవాళ ఎర్రబడింది? చూస్తారా? తెచ్చి చూపించనా?"

పాలిషు తమ్ముడు తల ఎత్తలేదు. "నన్ను పట్టమన్నాడు వదినా. కాదంటే నన్నూ పొమ్మంటాడు."

"పట్టు తమ్ముడూ, పట్టు. నీ తర్వాత ఒకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు. వరసలో నిలబడి దగ్గుదాం. ఆవిడ టైలుకు దుప్పటి కప్పింది, మనకు గుడ్డ కప్పేదాకా ఊరుకుందాం."

ఒకరు టీలో పడ్డ నలుసు తీస్తున్నారు, ఇంకొకరు గోళ్లలో సిమెంటు గీక్కుంటున్నారు. అది చూస్తే ఆమెకు కంట్రాక్టరు మీదకన్నా వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇంతమంది చేతుల్లో ఇంత పని ఉండి, ఒక కిటికీ తెరిపించలేరా?

బరువు తేలిక చేద్దామని ఎవరో ముఠాలో పెద్దవాడైన గోడమేస్త్రి మీద పడ్డారు. నేల పరిచేవాళ్లు లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గుమ్మంలోంచి బయటపడతారు. మేస్త్రి కొత్తగా పెళ్లయిన పరాకులో ఒకసారి గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. చివరి టైలు పెట్టి తలెత్తితే ముందు పచ్చి నేల, వెనక గోడ. మాలు గట్టిపడేదాకా అక్కడే కూర్చున్నాడు. గోడమేస్త్రి అన్న పేరు అలా వచ్చింది, పోలేదు.

"మేస్త్రిలా మనమూ లోపల చిక్కుకుంటే బాగుండు. గెంటడానికి కూడా ఎవడూ రాలేడు!"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

"ఏమన్నావు? మళ్లీ అను."

ఆమె చెప్పుకుంటూ పోతుంటే ఒక్కొక్కరే గ్లాసు కింద పెట్టారు. మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "ఈ వయసులో మళ్లీ ఆ తప్పు చేయిస్తావా తల్లీ?"

"అప్పుడు ఒక్కడివే చేశావు మేస్త్రీ. ఇప్పుడు అందరం చేద్దాం."

పాలిషు తమ్ముడు లేచి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "నీళ్ల గొట్టం నేను తెస్తా," అన్నాడు.

పొద్దున్నే అందరూ రొట్టెలు కట్టుకుని హాల్లోకి చేరారు. గుమ్మాన్ని ఆనుకుని మాలు పరిచారు. తొలి టైలు మేస్త్రి పెట్టాడు. రసమట్టం పెట్టి చూసి, రబ్బరు సుత్తితో తట్టి, వంక పెట్టడానికి లేకుండా వరస వెనక వరస లోపలికి పరుచుకుంటూ పోయారు. కిటికీల టేపు పీకి ఉండచుట్టి బయటికి విసిరేశారు. మిషనుకు నీళ్ల గొట్టం తగిలించారు. వదిన మొగుడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. గాలి తగలగానే అతను కళ్లు మూసుకున్నాడు.

కంట్రాక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గుమ్మం దగ్గరినుంచి పరిచారేంట్రా! బుద్ధుందా?"

"ఇవాళే వచ్చింది!" అంది వదిన లోపలినుంచి. "ఈ మేడలో ఎక్కడ కోసినా నీళ్లు పెట్టే కోయాలి. కిటికీలు తెరవాలి. నా మొగుడికి వైద్యం చేయించాలి. ఎవరినీ తీసెయ్యకూడదు. ఒప్పుకునేదాకా కదలం."

ఆయన పోలీసులను తీసుకొచ్చాడు. ముందున్న జమాదారు బూటుకాలు ఎత్తాడు.

"ఆగండి!" ఇంటి అమ్మగారు చేతులు అడ్డంపెట్టి అరిచింది. "అడుగేస్తే చూడండి! కిందంతా పచ్చి! ఆ రంగు మళ్లీ ఎక్కడ తెస్తారు, మీరు తెస్తారా?"

ఎత్తిన బూటు వెనక్కి దిగింది. లోపల పగలబడి నవ్వారు. అమ్మగారు పోలీసులను తిట్టింది, కంట్రాక్టరు అమ్మగారిని బతిమాలాడు, జమాదారు కంట్రాక్టరును కసిరాడు. ముందురోజంతా వదినను తిప్పిన బంతాట ఇప్పుడు వాళ్లు ఆడుతున్నారు. ఆ కేకలకు మేడంతా మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మిగతా అంతస్తుల కూలీలు మెట్ల మీదికి చేరారు. మధ్యాహ్నం పైకిటికీలోంచి తాడు కట్టిన మాలు బకెట్టు దిగింది. శుభ్రంగా కడిగి, నిండా అన్నం పెట్టారు.

మర్నాడు పొద్దున మేస్త్రే సుత్తి పిడితో నేల తట్టి చూశాడు. "గట్టిపడింది. ఇక రండి సార్. బూట్లు విప్పి రండి, అమ్మగారు ఊరుకోరు."

పోలీసులు మేస్త్రినీ వదిననూ రెక్కలు పట్టుకుని బయటికి లాగారు. మొగుడు దగ్గు ఆపుకుంటూ లేచాడు. "నువ్వు వెళ్లవే. ఇక్కడ మిషను ఎవరూ ఎండుగా పట్టరు. నేను చూసుకుంటా."

మెట్ల మలుపు దగ్గర వదిన ఆగింది. పై అంతస్తులో రబ్బరు సుత్తి చప్పుడు వినపడుతోంది.

"వదినా! ఇక్కడా గుమ్మం దగ్గరే మొదలుపెట్టాం!" అని పైనుంచి కూలీల కేక.

కంట్రాక్టరు మెట్లు దూకుతూ పైకి పరుగెత్తాడు. ఆ ఇంటి గుమ్మంలో ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. లోపల కిటికీలు తెరుస్తున్నారు.