అల్లుడి ఆట

గంగాభవాని చేత చదరంగం ఆడించింది కరోనా. అంతకుముందు ఆవిడకి తెలిసినవల్లా రాజోలు పక్క పల్లెలో ఆడుకున్న గవ్వలాటా, వామనగుంటలూ. గల్ఫుకొచ్చి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఒక ఇంట్లో ఎల్మర్ బాబాని చూసుకునే పనికి కుదిరిందో లేదో, ఊరంతా తలుపులేసుకుంది. బాబా కొడుకు పై గదిలో కంప్యూటరుకి అతుక్కుపోయాడు. లాహోరు కోడలు ఫైజాకి పిల్లల ఆన్‌లైన్ చదువులతోనే సరిపోయేది. ముసలాయనకేమో ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. దొరికింది భవాని.

ఎల్మర్ విట్లాక్ అంటే ఒకప్పుడు అమెరికా చదరంగంలో తెలిసిన పేరేనట. ఆ సంగతి ఆవిడకి ఒక్కసారిగా తెలియలేదు, ఎత్తుకీ ఎత్తుకీ మధ్య ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒహాయోలో పగలంతా తపాలాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు, సాయంత్రమైతే చదరంగం క్లబ్బు. ఎక్కడో పోటీ ఉందంటే బస్సెక్కి, దిగినచోట ముఖం కడుక్కుని, నేరుగా బల్ల దగ్గరికే. పందొమ్మిదివందల యాభైల చివర్లో ఒకసారి దేశం మొత్తమ్మీద మూడోవాడిగా నిలిచాడు. జట్టుతో ఓడెక్కి యూరప్ వెళ్లి, ఎవరూ ఊహించని విధంగా ఒక రష్యావాణ్ణి ఓడించి, తిరిగొచ్చి మళ్లీ ఉత్తరాల ముందే కూర్చున్నాడు.

భవానికి ఇందులో వింతేమీ తోచలేదు. రాత్రి రాజు వేషం కట్టి, తెల్లారి నాగలి పట్టిన మేనమామ ఆవిడకీ ఉన్నాడు. ఆట కూడు పెట్టదు కదా బాబా అని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"పెట్టలేదు," అన్నాడు బాబా. "నా పెళ్లాం పెట్టింది. ఆవిడ బడిపంతులు."

ఏళ్లు గడిచాయి. ఇంటి తలుపులు తెరుచుకున్నాయి గానీ సాయంత్రం టీ అయ్యాక ఆట మాత్రం ఆగలేదు. భవాని ఓడిపోతూనే ఉండేది. ఓడిపోతూనే ఆట ఒంటబట్టించుకుంది. అటు బాబా తడబడటం మొదలైంది. కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరికేది. మనవడి పేరు పెట్టి కొడుకుని పిలిచేవాడు. ఫైజా ఒకరోజు భవానిని వంటింట్లోకి పిలిచి, ఎప్పుడైనా గెలిచేలా ఉంటే నువ్వే ఓడిపో అని ఉర్దూలో చెప్పింది. ఆయన్ని నిలబెడుతున్నది ఆ ఆటొక్కటే అంది. అందులో అబద్ధం లేదు. బల్ల పరవని రోజు ఆయన మాటకీ రాడు, తిండికీ రాడు.

అలాంటి సమయం రానే వచ్చింది. ఒక సాయంత్రం బాబా తన మంత్రిని తెచ్చి భవాని ఏనుగుకి ఎదురుగా, కాపలా లేకుండా వదిలేశాడు. భవాని చెయ్యి ఏనుగు దాకా వెళ్లింది. వెనక్కొచ్చి అంచునున్న బంటుని ఒక గడి ముందుకి తోసింది.

బాబా మంత్రిని చూశాడు, ఏనుగుని చూశాడు, ఆ బంటుని చూశాడు. చివరికి ఆవిడని చూశాడు. "ఖలాస్," అని పావులన్నీ పెట్టెలో వేసేశాడు.

మర్నాడు బల్ల పరిస్తే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. సూపు గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. ఫైజా ఏమైందని అడగసాగింది. ఆయన్ని కాపాడదామని చేసిన పనే ఆయన మీదకి వచ్చింది. కూరలు తేవడానికి బకాలా కొట్టుకి వెళ్లినప్పుడు, పక్కింట్లో పనిచేసే మంగకి చెప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"గెలిచినోళ్ల మీద అలిగేవోళ్లని చూశాను గానీ, ఓడినోళ్ల మీద అలగడమేంటే?" అంది మంగ. "నువ్వు సరిగా ఓడిపోలేదేమో."

ఆ మాట భవానిని ఇంటిదాకా వెంటాడింది. సంచి వంటింట్లో పడేసి నేరుగా బాబా ముందు కూర్చుని, అడగకుండానే పావులు పేర్చింది.

"మంత్రినెందుకు తీసుకోలేదు?" అన్నాడు బాబా కిటికీలోంచి చూస్తూనే.

మా వైపు కొత్తల్లుడు ఇంటికొచ్చి పేకాటకి కూర్చుంటే మామగారు గెలవకూడదని చెప్పింది. చేతిలో ఎంత మంచి ముక్కలున్నా పారేస్తారనీ, అది మర్యాదనీ చెప్పింది.

బాబా ఇటు తిరిగాడు. "నేను నీ అల్లుణ్ణా?"

"కాదు బాబా."

"నాకు ఎనభై తొమ్మిదేళ్లు."

"మా ఊళ్లో ముసలి అల్లుళ్లూ ఉంటారు."

ఆయనకి నవ్వాగలేదు. నవ్వి, దగ్గి, నీళ్లు తాగి అప్పుడన్నాడు: "నేను గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, భవానీ. ఎవడూ నాకు ఊరికే ఇవ్వలేదు. అందుకే ఆ గెలిచిన నాలుగూ నావయ్యాయి. నువ్విచ్చేది నాకొద్దు."

భవాని లేచి ఫైజా దగ్గరికి వెళ్లింది. మేడమ్, ఇవాళ నాకు చేతనైతే గెలుస్తాను, ముందే చెబుతున్నాను అంది. ఫైజా వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

ఆరోజు బాబా మంచి ఊపు మీదున్నాడు. భవాని బంట్లు ఒక్కొక్కటే రాలిపోయాయి, ఒక ఏనుగు కూడా పోయింది. ఇక అయిపోయిందనుకున్నప్పుడు ఆవిడకి కనిపించింది, తన గుర్రం ఒక్క గంతు వేస్తే ఆయన రాజుకీ మంత్రికీ ఒకేసారి గురి. రెండుసార్లు చూసుకుంది. వేసింది. రాజు పక్కకి జరిగాడు, మంత్రి పోయింది. ఆ తర్వాత కూడా బాబా పెనుగులాడాడు, పెదవి కొరుకుతూ, ఒక్కో ఎత్తుకీ కుర్చీలో ముందుకి జరుగుతూ. చివరికి తన రాజుని పక్కకి పడుకోబెట్టాడు.

చెయ్యి తగిలి పడిందనుకుని భవాని దాన్ని లేపి నిలబెట్టింది. ఆయన మళ్లీ పడుకోబెట్టాడు.

"పడలేదు," అన్నాడు. "ఓడిపోయినవాడు ఇలాగే ఒప్పుకుంటాడు." అని చెయ్యి చాపాడు.

ఇన్నేళ్లలో ఆయన రాజు పడుకోవడం ఆవిడ ఎన్నడూ చూసింది కాదు. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని అందించింది.

బాబా ఫోను అడిగి, ఒహాయోలో ఇంకా బతికున్న క్లబ్బు స్నేహితుడికి కలపమన్నాడు. అవతలాయనకి చెవుడు, అందుకని ఇల్లంతా వినబడేలా చెప్పాడు. ఓడిపోయానన్నాడు. తను నేర్పిన మనిషి చేతిలోనే, గుర్రంతో, శుభ్రంగా ఓడిపోయానన్నాడు. అవతలాయన నమ్మకపోతే, బల్ల వైపు చూడకుండా మొదటి ఎత్తు నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. గుమ్మంలో ఫైజా కట్టుకున్న చేతులు విప్పేసింది.

ఫోను పెట్టేసి, "యల్లా, కానియ్యి, ఈసారి తెల్లవి నావి," అన్నాడు బాబా.

పొయ్యి మీద పప్పుందని భవాని లేవబోయింది. కూర్చోమని సైగ చేసి, ఫైజాయే వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.