నడిమి పలక

ఆ బల్లను రోజూ తుడిచేది షాయిస్తానే. కొబ్బరినూనె అద్దిన గుడ్డతో పాత టేకు మెరిసేదాకా రుద్దుతుంది. గిద్దలూరులో ఎవరిదో పాత బంగళా సామాను అమ్ముతుంటే అష్రఫ్ కొని, ఆటోలో మార్కాపురం తెచ్చాడు. వాళ్ళమ్మ జులేఖా మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేకపోతోందని. తల్లి మీద అంత ప్రేమ ఉన్న మొగుణ్ణి చూసి షాయిస్తా మురిసిపోయింది కూడా, పిచ్చిది.

అంతకుముందు అన్నాలకు హాల్లో కింద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచేవాళ్ళు. మగవాళ్ళు తిని లేచాక అదే గుడ్డ ముందు అత్తా కోడలూ కూర్చునేవాళ్ళు. మిగిలిందే తిన్నా కలిసి తినేవాళ్ళు. మామ నసను అత్త అనుకరించి చూపిస్తుంటే నవ్వాపుకోలేక షాయిస్తాకు పొలమారేది. ఇప్పుడు బల్ల చుట్టూ మామ, మొగుడు, కూతురు బుష్రా, మోకాళ్ళ పుణ్యమా అని అత్త. బల్లకు ఆరు కుర్చీలొచ్చాయి గానీ రెండు పడకగదిలో ఉతికిన బట్టలు మోస్తున్నాయి. షాయిస్తా అందరికీ వడ్డించి, వంటింటి గట్టుకు ఆనుకుని, గిన్నెలోనే కలుపుకుని తింటుంది. ఎదురుగా గోడ. ఎవరితో మాట్లాడాలి, కుక్కరుతోనా?

ఒకసారి అడిగింది. "రెండు పక్కలా లాగితే నడిమి పలక పైకొస్తది గదా. ఇంకా ఇద్దరు పడతారు."

"ఎవరన్నా వస్తే లాగుదాంలే. ఊరికే ఇల్లంతా ఇరుకు," అన్నాడు అష్రఫ్.

నిన్న కొనకనమిట్ల నుంచి ఆడబిడ్డ వచ్చింది. వెంటనే పలక లాగారు. "నువ్వూ కూర్చో వదినా," అందామె.

"మా అమ్మీకి కూర్చొని తినేది ఇష్టం లేదు ఫుప్పూ. నిలబడే తింటది," అంది బుష్రా మేనత్తతో.

అందరూ నవ్వారు. షాయిస్తా కూడా నవ్వింది. ఆ నవ్వే రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు. రేపు ఈ పిల్ల ఏ వంటింట్లో నిలబడి తింటుందో అనిపించింది.

పొద్దున ఆడబిడ్డ వెళ్ళిపోగానే అష్రఫ్ బల్ల మూసేశాడు.

మధ్యాహ్నం అన్నం వార్చి, షాయిస్తా ఒక్కతే బల్లను రెండు వైపులా లాగింది. ఎండా వెలుతురూ తగలని నడిమి పలక ఇంకా కొత్త రంగులోనే ఉంది. కుర్చీ మీది బట్టలు మంచం మీద కుమ్మరించి, దాన్ని మోసుకొచ్చి వేసింది. ఐదో పళ్ళెం పెట్టింది.

దుకాణం నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ అష్రఫ్ బల్ల వైపు చూశాడు. "మళ్ళా లాగినావేంది? ఎవరొచ్చినారు?"

షాయిస్తా అత్త పక్కన కూర్చుని అన్నం గిన్నె ముందుకు లాక్కుంది.

"నేనొచ్చినా."