ఎలీసమ్మ పొయ్యని నూనె

పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, నోట్లో మాట రెండూ పడిపోయాక దేవదానానికి మిగిలింది ఒకే ఒక్క మాట. ఆయ్. అన్నం పెట్టనా అంటే ఆయ్. వద్దా అన్నా ఆయ్. కాకపోతే వద్దనేటప్పుడు తల అడ్డంగా ఆడిస్తాడు. రాజోలులో ఇరవై రెండేళ్లు వ్యాన్ల ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్, బానెట్ ఎత్తకుండానే చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి, పది నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. షెడ్డు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. సామాన్ల పెట్టె మాత్రం అతని భార్య ఎలీసమ్మ రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చేసుకుంది. ఇంకా ఎందుకమ్మా ఆ ఇనుము, అమ్మేసుకోరాదూ అన్నారు చుట్టాలు. అలా అన్నవాళ్లకి ఆవిడ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఆ పెట్టెలో ఏది ఎక్కడుంటుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. అప్పట్లో మధ్యాహ్నం షెడ్డుకి క్యారేజీ పట్టుకెళ్లిన ఆడది, మొగుడు తిన్నాక గిన్నెలు సర్దుకుని వచ్చేయొచ్చు కదా, రాదు. సాయంత్రం దాకా అక్కడే పీట వేసుకుని కూర్చుని పానాలు అందించేది. అతను అడిగేలోపే పద్నాలుగు నంబరు పానా అతని చేతిలో ఉండేది. చూసినవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, మొగుడి పక్కన కూర్చోడానికి ఒకరి పర్మిషన్ కావాలా ఏమిటి?

అమలాపురం రూటులో మూడు వ్యాన్లు తిప్పే మాణిక్యాలరావు గారి దగ్గరికి ఆమే వెళ్లింది. ఆయన వ్యాను ఒకదానికి రేడియేటర్ కారుతోందనీ, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోకి నూనె తీసుకెళ్లే సన్నగొట్టం చిట్లి పొగలు చిమ్ముతోందనీ కిరాణాకొట్టు దగ్గర విన్నది.

"ఆ పని మాకిప్పించండి. ఆయన చెప్తారండి, నేను చేస్తానండి. చెయ్యి నాది, బుర్ర ఆయనదండి" అంది.

మాణిక్యాలరావు గారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "దేవదానం పని మీద నాకు నమ్మకమే ఎలీసమ్మా. ఇది సరిగ్గా అయిందనుకో, మూడు వ్యాన్లూ ఎప్పట్లాగే మీ దగ్గరికే పంపిస్తాను. తేడా వచ్చిందంటే మాత్రం ఇంక నన్నడగొద్దు."

"ఆయ్, అలాగేనండి."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే దేవదానం గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. పాత ఖాకీ చొక్కా చూపించి తొడగమన్నాడు. పది నెలల్లో అతను తనంతట తాను అడిగింది అదొక్కటే. గుండీలు పెడుతూ ఎలీసమ్మ ఏడుపు ఆపుకుంది.

కాయల దింపు అయిపోయిన కొబ్బరిచెట్ల కింద వ్యాను పెట్టించింది, నెత్తిన కాయ పడే భయం లేకుండా. మొదటిరోజు నీళ్లు వదిలేసి, హోస్ పైపులు ఊడదీసి, కారుతున్న రేడియేటర్ దింపింది. బోల్టులు తుప్పుపట్టి కదలనంటే ఎడంచేత్తో కిరసనాయిలు సీసా చూపించాడు దేవదానం. పోసి, కాసేపు ఆగి తిప్పితే వచ్చాయి. రెండోరోజు కొత్త రేడియేటర్ కూర్చోబెట్టి నీళ్లు నింపి చూశారు. ఒక్క చుక్క కారలేదు. ఆ పూట అతను రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. పెరట్లో పక్కింటి నూకాలమ్మ పలకరిస్తే "మా ఆయన మళ్లీ పనిలోకి దిగేరు పిన్నిగారూ" అని ఎలీసమ్మ గొప్పలు పోయింది. ఎందుకు పోదు?

మూడోరోజు టర్బో గొట్టం. చూడటానికి వేలెడు లావు కూడా లేదు గానీ, టర్బో ప్రాణమంతా అందులోంచి వెళ్లే నూనెలోనే ఉంటుంది. పాతది తీసేసి, రాగి వాషర్లు మార్చి, కొత్తది పట్టుకుంది ఎలీసమ్మ. అక్కడ ఆగింది. దేవదానం ఈ గొట్టం బిగించేముందు ఎప్పుడూ టర్బో నోట్లో కాస్త నూనె పోసేవాడు. కొత్త గొట్టం ఖాళీగా ఉంటుంది, ఇంజన్ నుంచి నూనె వచ్చేలోపు టర్బో నూనె లేకుండా తిరిగితే కాలిపోతుంది అని వందసార్లు చెప్పేవాడు. ఆమె నూనె డబ్బా ఎత్తి, వంపినట్టు చూపించింది.

"పొయ్యాలా మావా?"

దేవదానం తల అడ్డంగా ఆడించాడు.

"ముందర పోసేవోడివి కదా."

విసుగ్గా మళ్లీ ఆడించాడు. బిగించెయ్ అన్నట్టు ఎడంచెయ్యి విదిలించాడు.

వ్యాను తీసుకెళ్దామని వచ్చిన మాణిక్యాలరావు గారు కాలవగట్టు మీద ఎవరితోనో మాట్లాడుతున్నారు. దేవదానం అటు చూసినప్పుడు రెండు చెంచాల నూనె పోసెయ్యొచ్చు. అది ఆమెకు తెలుసు. కానీ పది నెలలుగా అందరూ చేస్తున్నది అదే. అతను ఒకటి చూపిస్తే ఇంకొకటి చేసి, అతనికి తెలియదులే అనుకోవడం. ఈ పనిలో మాత్రం అతని మాటే మాట అని ఎలీసమ్మ ఒట్టు పెట్టుకుంది. అతనికి తెలియనిది తనకు తెలుసా? కొత్తరకం గొట్టానికి అక్కర్లేదేమో. డబ్బా కింద పెట్టి, గొట్టం బిగించేసింది.

మాణిక్యాలరావు గారు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. ఇంజన్ అందుకుంది. దేవదానం చెవి అటుపెట్టి విని, బొటనవేలు ఎత్తాడు. ఎలీసమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతను బొటనవేలు ఇంకా పైకెత్తాడు, రేజ్ చెయ్యమని. మాణిక్యాలరావు గారు ఎక్సలేటర్ తొక్కి పట్టారు. పలక మీద మేకుతో గీసినట్టు సన్నటి కూత లేచింది. టర్బోకి నూనె అందలేదని ఎలీసమ్మకు ఆ క్షణమే తెలిసిపోయింది. దేవదానం మాత్రం ఇంకా బొటనవేలు ఎత్తే ఉంచాడు.

"ఆపండి బాబూ, ఆపెయ్యండి" అంటూ ఆమె పరుగెత్తింది. ఆయన ఆపేలోపే లోపల ఏదో పట్టేసింది. నీలంగా పొగ కమ్మింది.

దేవదానం కర్ర సాయంతో లేచి వచ్చాడు. పొగ తగ్గాక గొట్టం వంక చూశాడు, నూనె డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఎడంచెయ్యి ఎత్తి వంపినట్టు చూపించాడు. నూనె పోశావా అని.

ఎలీసమ్మ అతని ఎదుటికి వచ్చి నిలబడింది. అతను బుకాయించడం లేదు. కళ్లల్లో చూసింది కదా. వద్దని తను తల ఆడించిన సంగతి అతనికి నిజంగానే గుర్తులేదు.

"ఏమైంది?" అన్నారు మాణిక్యాలరావు గారు.

"ముందు టర్బోలో నూనె పొయ్యాలండి. ఈయన పొయ్యమనే చెప్పేరండి" అంది ఎలీసమ్మ. "నేనే మర్చిపోయేనండి."

ఆయన నుదురు కొట్టుకున్నారు. "దేవదానాన్ని అనడానికేముంది, పాపం. నీ చేతుల్లో పెట్టడం నాదే బుద్ధితక్కువ" అన్నారు. ఇంకో వ్యాను రప్పించి, తాడు కట్టించి, అమలాపురం లాగించుకుపోయారు. పోతూ దేవదానం భుజం తట్టారు. ఎలీసమ్మ వంక చూడలేదు. మిగతా రెండు వ్యాన్ల మాట ఎత్తలేదు. ఆమె అడగనూ లేదు.

చొక్కా విప్పుదామని దగ్గరికి వెళితే దేవదానం ఆమె చెయ్యి తోసేశాడు. ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. షెడ్డులో పనివాళ్లు తప్పు చేస్తే ఇలాగే కూర్చునేవాడు. ఆమె పానాలన్నీ తుడిచి పెట్టెలో సర్దుకుంది. తిడితే తిట్టనీ, ఇలాగైనా మేస్త్రీలా ఉన్నాడు అనుకుంది.

కాసేపటికి అతనే మెత్తబడ్డాడు. మంచం మీద చోటు చూపించి కూర్చోమన్నాడు. ఎడంచేత్తో ఆమె తల నిమిరాడు, పోనీలే అన్నట్టు. దాంతో ఎలీసమ్మ ఇక ఆగలేకపోయింది, వెక్కి వెక్కి ఏడ్చింది. చేసిన తప్పుకు ఏడుస్తోందనుకున్నాడు పాపం. తువ్వాలుతో ఆమె మొహం తుడిచాడు. తర్వాత ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చూపించాడు. ముందు నూనె, ఆ తర్వాతే గొట్టం. అర్థమైందో లేదోనని మళ్లీ మొదటినుంచి చూపించాడు.

"ఈసారి మర్చిపోను మావా" అంది ఎలీసమ్మ.