యంకమ్మ గీసిన దారి

అక్షరాలు తప్పుంటే సర్దుకుని చదవండి. నేను పలక పట్టింది యాభై దాటినాక. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

రూపనగుడి అవతల ఒక కాలనీ ఉంది. ఫోన్లోని మ్యాపులో పక్కనున్న కాలువ గట్టు కనబడుతుంది గాని, కాలనీలోకి పోయే దారి కనబడదు. మొన్న ఎండల్లో సోమప్ప కళ్లు తిరిగి పడితే, అంబులెన్సు ఆ గట్టెక్కి నిలబడిపోయింది. అతన్ని మంచం మీద మోసుకుపోయి ఎక్కించారు. ఇంతలో అతని కోడలు పుష్పావతికి నెలలు నిండాయి. ఇల్లు కాలనీకి ఆ చివర.

అందుకే ఆదివారం పొద్దున బళ్లారి నుంచి మంజుశ్రీ వచ్చింది. ఊళ్లను మ్యాపులో ఎక్కించే వాలంటీర్లలో ఆ పిల్ల ఒకతె. బడి వరండాలో పదిమందిని కూర్చోబెట్టి, ఒకే మ్యాపును అందరి ఫోన్లలోనూ తెరిపించింది. ఒకరు గీసింది అందరికీ కనబడుతుందని, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చని చెప్పింది. ఆ మాట ఎందుకు చెప్పానా అని మధ్యాహ్నానికి తల పట్టుకుంది.

బస్టాపు నుంచి పుష్పావతి ఇంటిదాకా దారి గీయమని మొదట యంకమ్మకు ఇచ్చింది. కాలనీలో ఎవరి పెళ్లయినా ఇల్లిల్లూ తిరిగి పిలిచి వచ్చే మనిషి యంకమ్మ. ఆమె వేలు ప్రతి గడప దగ్గరా ఆగింది, ఎదుటి వరసకు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. గీత చిక్కుపడిన దారంలా తయారైంది. మంజుశ్రీ అది చెరిపి, సందులో నేరుగా ఒక గీత గీసింది.

"యాల తుడిపేసినావు పాపా? మద్దెలో ఇండ్లు ఇడిసిపెట్టి పోతే రేపు నా మొగం యాడ పెట్టుకొనేది?"

"అవ్వా, ఇది పెండ్లికి పిలిచేదానికి కాదు. అంబులెన్సుకు."

"ఐతే మటుకు? పలకరించకుండా పోతాదా?"

సోమప్ప మెల్లగా అన్నాడు. "అందర్నీ పలకరించుకుంటా వస్తే నా కోడలు ఈడ కనేస్తాది యంకమ్మా."

నవ్వారే గాని వేళ్లు ఆగలేదు. వాళ్లలో హనుమేష్ అనే అతను గీతను తన వాకిలికి లాగాడు. అది చూసి అతని పక్కింటివాళ్లు తమ వాకిలికి లాగారు. మంజుశ్రీ పదకొండుసార్లు దిద్దింది. గొంతు ఎండిపోయింది, టీ చల్లారిపోయింది, నాలుగున్నర బస్సుకు ఎక్కువ పొద్దు లేదు. విసుగెత్తి ఫోను ఒళ్లో పడేసింది. బడి పక్క కంపచెట్టుకు వరిగడ్డి పోచలు వేలాడుతుండడం చూసి సోమప్పను అడిగింది.

"తాతా, మీ ఇంటికి గడ్డి ట్రాక్టరు యా పక్క నుంచి వస్తాది?"

పదిమందీ ఒకే నోట చెప్పారు. బడి వెనక, నీళ్ల ట్యాంకు పక్కగా, కళ్లం మీదుగా. ఇండ్ల నడుమ సందులో ట్రాక్టరెట్లా పడుతుందని హనుమేష్ ఎదురు అడిగాడు. మంజుశ్రీ ఒళ్లోని ఫోను తీసి చూసుకుంది. పొద్దున్నుంచీ తాను కాపాడిన గీత ఆ సందులోదే.

యంకమ్మే గీసింది. మూడు మలుపులు, అంతే. ఎవరూ వేలు పెట్టలేదు. ట్రాక్టరును ఎవరూ ఇంటికి పిలుచుకోరు.

దాన్ని భద్రం చేసి మంజుశ్రీ లేవగానే యంకమ్మ సంచి పట్టుకుంది. ఇంత దూరం వచ్చి ఇండ్లకు రాకుండా పోవడమేమిటంది. పొద్దున చెరిపేసిన తన గీత వెంబడే నడిపించింది. ఏడో ఇంట్లో మజ్జిగ తాగుతుండగా బస్సు హారను వినబడింది.

ఎనిమిదో రోజు యంకమ్మ ఫోను చేసింది.

"ఆడపిల్ల పుట్టినాది పాపా. ఇద్దురూ బాగుండారు. బండి నేరుగా వాకిట్లోకే వచ్చినాది." ఇంకో మాట కూడా అంది. "ఒక్క ఇంటికాడన్నా నిలపల్యా."

హనుమంతమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు సిరుగుప్పలో ఉంటున్నాను.